వేరు బుడిపె నులిపురుగు: మీ కూరగాయల తోటకు ఏ జీవ మందు తగినది?

మందుల షాపుకెళ్లి "నెమటోడ్‌కు (నులిపురుగుకు) ఏది బాగా పనిచేస్తుంది?" అని అడిగితే, ఒకచోట పర్పురియోసిలియం లిలాసినమ్ ఇస్తారు, పక్క షాపులో ట్రైకోడెర్మా, మూడోచోట సూడోమోనాస్. మూడూ సూక్ష్మజీవులతో చేసిన జీవ మందులే, మూడూ పనిచేసేవే. వేళ తప్పితే మూడూ దండగే. ఏది కొనాలో తేలాలంటే ముందు మూడు సంగతులు తెలియాలి: మీ నేలలో నులిపురుగు ఎంత ఉంది, నాటడానికి ఇంకా ఎన్ని రోజులుంది, వేసే పంట ఎన్ని నెలలు నిలబడుతుంది.

ఒక మాట మొదటే చెప్పుకోవాలి. మొక్కలు గిడసబారి, పీకి చూస్తే వేరంతా బుడిపెలు కనబడ్డాక ఏ జీవ మందూ ఆ పంటను నిలబెట్టదు. అప్పటికే ఆడపురుగు వేరు లోపల స్థిరపడిపోయి ఉంటుంది, పైనుంచి పోసిన మందు దాని దాకా చేరదు. జీవ నియంత్రణ నాటడానికి మూడు వారాల ముందు మొదలుపెట్టే పని. అంత వ్యవధి లేనివాళ్లకు ఎంపికలు సగం తగ్గిపోతాయి. అది కూడా కింద చెప్పుకుందాం.

ముందు వేరు చూడండి

చేలో అక్కడక్కడ గుంపులుగా మొక్కలు పసుపుబారి పొట్టిగా ఉండటం, మధ్యాహ్నం తలవాల్చి సాయంత్రానికి తేరుకోవడం తొలి గుర్తు. చాలామంది దీన్ని పోషక లోపమనుకుని యూరియా వేస్తారు, నీళ్లు పెంచుతారు. మొక్కను చేత్తో లాగితే బుడిపెలున్న సన్న వేళ్లు తెగి మట్టిలోనే ఉండిపోతాయి. పారతో గడ్డతో సహా తవ్వి, బకెట్ నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, నెమ్మదిగా కడిగి చూడాలి.

చిక్కుడు, అలసంద వేళ్లకు నత్రజని బుడిపెలు కూడా ఉంటాయి. అవి వేరుకు పక్కన అంటుకుని ఉంటాయి, గోటితో గీకితే ఊడొస్తాయి, చిదిమితే లోపల గులాబీ రంగు. నులిపురుగు బుడిపె అలా ఊడదు. వేరే ఉబ్బి ఉంటుంది, తీయాలంటే వేరు తెగాల్సిందే.

బుడిపె మీద ఆవగింజకంటే చిన్నగా, లేత గోధుమ రంగులో జిగురు చుక్కలు కనిపిస్తే అవి గుడ్ల ముద్దలు. మామూలు కంటికి మట్టి మరకల్లా ఉంటాయి. కడిగిన వేళ్లను ఎర్రటి ఫుడ్ కలర్ చిక్కగా కలిపిన నీళ్లలో పావుగంట ఉంచి, మంచినీళ్లతో కడిగితే గుడ్ల ముద్దలు ఎర్రబడి వేరు తెల్లగా ఉండిపోతుంది. భూతద్దం ఉంటే ఇంకా తేట. ఒక్కో ముద్దలో 200 నుంచి 500 దాకా గుడ్లు ఉంటాయి. ఎన్ని ముద్దలున్నాయో చూస్తే వచ్చే పంటకు ఎంత ముప్పు ఉందో తెలిసిపోతుంది.

పొలం ఖాళీగా ఉంటే పరీక్ష ఇంకా తేలిక. పది పదిహేను చోట్ల, జానెడు లోతు నుంచి మట్టి తీసి కలిపి, నాలుగైదు కుండీల్లో నింపి కీరా లేదా టమాటా విత్తండి. నాలుగు వారాలకు వేళ్లు కడిగి బుడిపెలు లెక్కపెట్టండి. బుడిపెలే లేకపోతే మంచిదే. మొక్కకు పది లోపైతే జీవ మందులకు అనువైన పరిస్థితి. 30 దాటితే జీవ మందుతో పాటు ఇంకో పద్ధతి తోడు కావాలి. వంద దాటితే ఆ చేలో ఈసారి టమాటా, వంగ, బెండ, కీరా వేయకపోవడమే మేలు. ల్యాబ్ రిపోర్టు తెప్పించుకునేవాళ్లకైతే, గ్రాము మట్టికి ఒకటి రెండు పిల్లపురుగులు కనబడితే నష్టం మొదలవుతుందని గుర్తు.

నులిపురుగులన్నీ బుడిపెలు కట్టవు. 1970ల్లో శ్రీకాళహస్తి చుట్టుపక్కల వేరుశనగను దెబ్బతీసిన 'కాళహస్తి తెగులు' కూడా నులిపురుగు పనే. కానీ అది వేరే జాతి, కాయల మీద నల్లటి మచ్చలు చేస్తుంది. ఇక్కడ చెప్పేదంతా మన కూరగాయల్లో ఎక్కువగా కనబడే మెలాయిడోగైన్ ఇన్‌కాగ్నిటా, జవానికా జాతుల గురించి.

ఏది ఏ దశను పట్టుకుంటుంది

గుడ్డులోనే ఒకసారి కుబుసం విడిచిన పిల్లపురుగు రెండో దశలో బయటికొస్తుంది. పొడవు అర మిల్లీమీటరు కూడా ఉండదు. వేరు కొన దగ్గర లోపలికి దూరగలిగేది ఈ దశ ఒక్కటే. దూరాక ఒకచోట స్థిరపడి చుట్టూ ఉన్న కణాలను ఉబ్బించి, వాటినే తింటూ ఆడపురుగుగా మారి వేరు ఉపరితలం మీద గుడ్ల ముద్ద పెడుతుంది. నేల వేడి 27 డిగ్రీల దగ్గర ఉంటే ఈ చక్రం 25–30 రోజుల్లో పూర్తవుతుంది. నాలుగైదు నెలల టమాటాలో నాలుగైదు తరాలు నడుస్తాయి. పాలీహౌస్‌లో తొమ్మిది నెలల క్యాప్సికం అయితే చెప్పనక్కర్లేదు.

ఈ చక్రంలో మనకు చిక్కే చోట్లు రెండు. నాటిన తొలి మూడు వారాల్లో పిల్లపురుగు వేరులోకి దూరే వేళ ఒకటి. నెల తర్వాత గుడ్ల ముద్ద బయటపడే వేళ రెండోది. షాపులో దొరికే జీవ మందుల్లో కొన్ని మొదటి చోట, కొన్ని రెండో చోట పనిచేస్తాయి.

పర్పురియోసిలియం లిలాసినమ్ గుడ్లను తినే శిలీంద్రం. పాత పేరు పెసిలోమైసిస్ లిలాసినస్. 2011లో పేరు మారింది, ప్యాకెట్ల మీద ఇంకా పాత పేరే ఎక్కువ. పెరూలోని అంతర్జాతీయ ఆలూ కేంద్రంలో 1979లో నులిపురుగు గుడ్ల మీద దీన్ని గుర్తించారు. గుడ్డు పెంకును కరిగించి లోపలికి పోతుంది. 26–30 డిగ్రీల్లో బాగా పెరుగుతుంది కాబట్టి మన వాతావరణానికి సరిపోతుంది. దీనికి రెండు బలహీనతలు. వేరు వెంట పాకి పెరగడం తక్కువ, గుడ్డు తనకు తగిలితేనే పట్టుకుంటుంది. రెండోది, నేలలో దీని సంఖ్య నెలలు గడిచేకొద్దీ పడిపోతుంది. ఒకసారి వేశాం కదా, రెండేళ్లు చాలు అనుకోకూడదు. పంట పంటకూ వేయాల్సిందే.

ఇది గుడ్లమీదే పనిచేస్తుంది కాబట్టి అప్పటికే మట్టిలో తిరుగుతున్న పిల్లపురుగులను ఆపలేదు. తొలి తరం వేరులోకి దూరుతుంది, కొన్ని బుడిపెలు కనబడతాయి. రైతు "మందు పనిచేయలేదు" అంటాడు. నిజానికి అది ఆపేది రెండో తరాన్ని, మూడో తరాన్ని. అందుకే రెండు నెలల్లో అయిపోయే ఆకుకూరకు దీనిమీద ఖర్చు పెట్టడం దండగ. అయిదు నెలల వంగకు, పాలీహౌస్ పంటకు మాత్రం విలువ తెలుస్తుంది.

పోకోనియా క్లామిడోస్పోరియా కూడా గుడ్లనే తింటుంది. కానీ ఇది వేరు ఉపరితలం మీద కాపురం పెడుతుంది, మందపాటి గోడల బీజాలతో (స్పోర్లతో) నేలలో ఎక్కువ కాలం నిలుస్తుంది. ఇంగ్లండ్‌లోని రోథంస్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో బ్రయన్ కెర్రీ బృందం ఏళ్ల తరబడి దీనిమీదే పనిచేసింది. క్యూబాలో 'క్లామిక్' పేరుతో దీన్ని కూరగాయల్లో వాడారు. ఆ పరిశోధనల్లో తేలిన ఒక సంగతి మనకు చాలా అక్కరకొస్తుంది: బుడిపె పెద్దదైతే గుడ్ల ముద్ద వేరు బయటికి రాకుండా బుడిపె కండలోనే ఉండిపోతుంది, పోకోనియాకు అందదు. కాబట్టి బుడిపెలు చిన్నగా ఉండే పంటల్లో, నులిపురుగు తక్కువున్న నేలల్లో ఇది రాణిస్తుంది. బాగా సోకిన టమాటాలో ఒంటరిగా నెగ్గుకురాలేదు. క్యాబేజీలాంటి పంట వేసినప్పుడు దీన్ని నేలలో పెంచుకుని తర్వాత టమాటాకు పోవడం తెలివైన వాడకం. దీని పాత పేరు వర్టిసిలియం క్లామిడోస్పోరియం. మన అంగళ్లలో లిలాసినమ్ దొరికినంత సులువుగా ఇది దొరకదు.

పాత పేర్లతో చిక్కు ఇక్కడే ఉంది. 'వర్టిసిలియం లెకాని' రసం పీల్చే పురుగుల మందు. 'పెసిలోమైసిస్ ఫ్యూమోసోరోసియస్' తెల్లదోమకు. ముందు పేరు ఒకటే కావడంతో షాపులో ఒకదానికి బదులు ఇంకొకటి చేతిలో పెడతారు. ప్యాకెట్ మీద రెండో పేరు చదవందే డబ్బు ఇవ్వకండి.

ట్రైకోడెర్మా విరిడె, హార్జియానమ్ అందరికీ తెలిసినవే. నారుకుళ్లు, ఎండు తెగుళ్లకు వాడేవాళ్లం. నులిపురుగు విషయంలో ఇది వేరును ముందే ఆక్రమించి, మొక్కలో తట్టుకునే గుణం పెంచి, కొంతమేర గుడ్లనూ దెబ్బతీస్తుంది. ఒంటరిగా వేస్తే లిలాసినమ్ అంత గుడ్ల నాశనం ఆశించొద్దు. అయితే నులిపురుగు చేసిన గాయంలోంచే ఫ్యుజేరియం ఎండు తెగులు లోపలికి పోతుంది. ఎండు తెగులును తట్టుకుంటుందని కొన్న టమాటా రకం కూడా బుడిపెలున్న నేలలో వడలిపోవడానికి కారణం ఇదే. ఈ రెండూ కలిసొచ్చే చేలో ట్రైకోడెర్మా లేకుండా జోడీ కట్టకూడదు.

బ్యాక్టీరియాల్లో సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్, బాసిల్లస్ సబ్టిలిస్ ముఖ్యమైనవి. రెండూ వేరు చుట్టూ గుంపు కట్టి, పిల్లపురుగు వేరును వెతుక్కునే వేళ అడ్డుపడతాయి. గుడ్ల పొదుగుదలను కూడా తగ్గిస్తాయి. అంటే లిలాసినమ్ వదిలేసిన తొలి మూడు వారాల పని వీటిది. తేడా ఏమిటంటే, సూడోమోనాస్‌కు బీజం కట్టే గుణం లేదు. టాల్క్ పొడిలో నెలలు గడిచేకొద్దీ చచ్చిపోతుంది, ఎండకు ఇంకా త్వరగా. బాసిల్లస్ బీజం కట్టుకుని వేడినీ, ఎండబెట్టడాన్నీ తట్టుకుంటుంది. అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు వేసవి పంటకు, షాపు నుంచి పొలానికి బైకు డిక్కీలో గంట ప్రయాణం చేసే ప్యాకెట్‌కు బాసిల్లస్సే నయం. చలికాలం పంటకు, తడి నిలిచే నేలకు, తాజా సరుకు దొరికే చోట సూడోమోనాస్ బాగుంటుంది.

పాశ్చూరియా పెనిట్రాన్స్ అనే బ్యాక్టీరియా ఉంది. బీజాలు పిల్లపురుగు ఒంటికి అతుక్కుని, ఆడపురుగు గుడ్లు పెట్టకుండా చేసి, ఒక్కో పురుగులో ఇరవై లక్షల దాకా బీజాలు నింపుతాయి. వినడానికి అద్భుతం. కానీ బతికున్న నులిపురుగు లేందే పెంచడం కష్టం, ఒక జాతికి పట్టేది ఇంకో జాతికి పట్టకపోవచ్చు. కొందామంటే దొరికే సరుకు కాదు. వలలు పన్ని నులిపురుగుల్ని పట్టే ఆర్థ్రోబోట్రిస్ శిలీంద్రం సూక్ష్మదర్శినిలో చూడముచ్చటగా ఉంటుంది గానీ చేలో నమ్ముకోదగ్గది కాదు.

ఎకరాకు రెండు కిలోలు చల్లితే ఏమవుతుంది

జీవ మందులు విఫలమయ్యేది ఎక్కువగా ఈ లెక్క చేయకపోవడం వల్లే. 1 శాతం డబ్ల్యూపీ (నీళ్లలో కలిపి వాడే) శిలీంద్రపు పొడిలో గ్రాముకు కనీసం 20 లక్షల సజీవ కణాలు ఉండాలి. రెండు కిలోలంటే 400 కోట్లు. ఎకరంలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 900 టన్నులు. 400 కోట్లను ఆ మట్టికి పంచితే గ్రాముకు నాలుగైదు కణాలు. కుండీ ప్రయోగాల్లో మంచి ఫలితమిచ్చినవి గ్రాము మట్టికి లక్షల్లో వేసినవి. ఇసుకలో కలిపి ఎకరమంతా చల్లిన ప్యాకెట్ ఎందుకు పనిచేయదో ఇంతకంటే చెప్పక్కర్లేదు.

అదే రెండు కిలోలను నారుమడిలో వేయండి. ఎకరా టమాటాకు 4 మీటర్ల పొడవు, మీటరు వెడల్పు మడులు పది చాలు, అంటే 40 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 50 గ్రాముల చొప్పున సరిగ్గా రెండు కిలోలే పడుతుంది. గ్రాము మట్టికి 440 పైచిలుకు కణాలు, చేలో చల్లినదానికి వంద రెట్లు. ఎక్కడ డబ్బు పెట్టాలన్న ప్రశ్నకు మొదటి జవాబు నారుమడే.

ప్రధాన పొలానికి మాత్రం పెంచి వేయాలి. టన్ను బాగా చివికిన పశువుల ఎరువుకు లిలాసినమ్ రెండు కిలోలు, ట్రైకోడెర్మా రెండు కిలోలు, సూడోమోనాస్ లేదా బాసిల్లస్ రెండు కిలోలు చొప్పున కలపడం బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ చెబుతూ వస్తున్న పద్ధతి. అందులో వంద కిలోల వేపపిండి కూడా చేర్చుకోవచ్చు. చెట్టు నీడన లేదా పాక కింద అడుగున్నర ఎత్తు మించకుండా పరిచి, తడిపిన గోనె సంచులు కప్పి 15–20 రోజులుంచాలి. వారానికోసారి తిరగేయాలి. తేమ ఎంతంటే, పిడికిట పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు. పదో రోజుకు పొరల మధ్య తెల్లటి దారాలు, తర్వాత ఆకుపచ్చ, లేత ఊదా మచ్చలు కనబడితే పెరుగుతున్నట్టు.

ఈ దశలో చేసే తప్పుల్లో పెద్దది పచ్చి పేడకుప్పలో కలపడం. చివికే కుప్ప లోపల వేడి 60 డిగ్రీల దాకా పోతుంది, మనం వేసినవన్నీ చచ్చిపోతాయి. ముందురోజు చెయ్యి కుప్పలోకి పెట్టి చూడండి. వెచ్చగా తగిలినా, అమోనియా ఘాటు ముక్కుకు కొట్టినా ఇంకా చివకలేదు. ఎరువు చల్లబడేదాకా ఆగాలి. రెండో తప్పు కుప్పను ఎండబెట్టి నిల్వ పెట్టడం. ఇరవై రోజులకు సిద్ధమైంది అంటే వారంలోపు వేసేయాలి.

ఎకరాకు ఇలాంటి ఎరువు రెండు టన్నులు. 90×60 సెంటీమీటర్ల ఎడంలో 7,500 దాకా మొక్కలు పడతాయి, అంటే మొక్కకు పావు కిలో పైన. చేనంతా వెదజల్లకుండా నాటే గుంతలోనో సాలులోనో వేసి మట్టితో కలిపి తడి ఇవ్వండి. ఎరువు టన్నుల్లో దొరకని చోట వర్మీకంపోస్టు, వేపపిండి మిశ్రమంలో పెంచుకున్నా సరే. మొత్తం పరిమాణం తగ్గినకొద్దీ దాన్ని వేరు దగ్గరికే పరిమితం చేయాలి.

జీవామృతం డ్రమ్ములో ఈ పొడులు కలపొచ్చా అని చాలామంది అడుగుతుంటారు. పులుస్తున్న ద్రవంలో అప్పటికే కోట్ల సూక్ష్మజీవులు పోటీలో ఉంటాయి, అందులో లిలాసినమ్ పెరుగుతుందన్న భరోసా లేదు. రెండూ వాడేవాళ్లు విడివిడిగా వాడుకోవడమే మంచిది.

మీ పరిస్థితిని బట్టి

ఎర్ర చల్క, దుబ్బ నేలల్లో ఆరుబయట టమాటా, వంగ వేసేవాళ్లు, మదనపల్లె వైపు ఏడాది పొడవునా టమాటా మీద టమాటా వేసేవాళ్లు లిలాసినమ్, ట్రైకోడెర్మాలను ఎరువులో పెంచి వేయాలి. నాటే రోజున బాసిల్లస్ లేదా సూడోమోనాస్ లీటరుకు 10 గ్రాములు కలిపిన నీళ్లలో నారు వేళ్లను 20–30 నిమిషాలు ముంచాలి. నాటిన నెలకు, మళ్లీ రెండు నెలలకు లీటరుకు 5–10 గ్రాముల చొప్పున మొదళ్లలో పోయాలి. మూడు మందులు కొనే స్తోమత లేకపోతే నారుమడికి లిలాసినమ్, పొలానికి ట్రైకోడెర్మా ఉంచుకుని మూడోది వదిలేయండి. నల్లరేగడిలో నులిపురుగు ఉధృతి ఇంత ఉండదు. అక్కడ ట్రైకోడెర్మా, వేపపిండితో సరిపెట్టుకోవచ్చు.

ప్రోట్రే నారు కొనేవాళ్లు నర్సరీలో ఒక్క విషయం చూడండి: ట్రేలు నేల మీద ఉన్నాయా, స్టాండు మీద ఉన్నాయా. కోకోపీట్ శుభ్రమైనదే అయినా, నేలమీద పెట్టిన ట్రే అడుగు రంధ్రాల్లోంచి వేళ్లు మట్టిలోకి దిగి నులిపురుగును పట్టుకొస్తాయి. సొంతంగా పెంచుకుంటే కిలో కోకోపీట్‌కు జీవ మందు పొడి 10 గ్రాములు కలపండి.

బెండ, కీరా, బీర, కాకర లాంటివి నేరుగా విత్తేవి కాబట్టి నారుమడి సౌలభ్యం లేదు. కిలో విత్తనానికి జీవ మందు పొడి 10–20 గ్రాములు పట్టించవచ్చు. కానీ హైబ్రిడ్ విత్తనం గులాబీ, నీలం రంగుల్లో వస్తే దానిమీద అప్పటికే శిలీంద్రనాశిని పూత ఉన్నట్టే. దానిమీద ట్రైకోడెర్మా పట్టిస్తే వృథా. ఆ విత్తనానికి మందు గుంతలో వేయాలి. పందిరి కూరగాయలకు పాదుకు అర కిలో నుంచి కిలో పెంచిన ఎరువు ఇవ్వండి.

పాలీహౌస్ లెక్క వేరు. వేరేచోట నుంచి టిప్పర్లతో తోలిన ఎర్రమట్టితోనే చాలాసార్లు నులిపురుగు లోపలికొస్తుంది. ఆ తర్వాత విరామం లేని పంటలతో పెరిగిపోతుంది. ఇక్కడ జీవ మందు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. పంట అయ్యాక రోటవేటర్ తిప్పకుండా వేళ్లు తవ్వి తీసి కాల్చేయాలి. రోటవేటర్ బుడిపెలను ముక్కలు చేసి షెడ్డంతా పంచుతుంది. ఏప్రిల్–మే నెలల్లో బెడ్లు బాగా తడిపి, 25 మైక్రాన్ల తెల్లటి పారదర్శక షీటు నేలకు ఆనుకునేలా పరిచి, అంచులు మట్టితో మూసి 4–6 వారాలు ఉంచాలి. నల్ల మల్చింగ్ షీటు దీనికి పనికిరాదు, అది వేడిని తానే పీల్చుకుంటుంది. షీటు తీశాక జీవ మందులు పెంచిన ఎరువు వేయండి. పోటీ తగ్గిన నేలలో అవి త్వరగా స్థిరపడతాయి. వరస తారుమారు చేసి ముందు మందు వేసి తర్వాత షీటు పరిస్తే రెండూ నష్టం. సూర్యరశ్మి వేడి పై 15–20 సెంటీమీటర్లకే గట్టిగా తగులుతుంది, కింద మిగిలినవి రెండు మూడు నెలల్లో మళ్లీ పైకొస్తాయి. ఆ వేళకు లిలాసినమ్ మొదళ్లలో ఉండాలి.

పాలీహౌస్‌లో డ్రిప్ ద్వారా ఇస్తే పనివాళ్ల ఖర్చు తగ్గుతుంది గానీ టాల్క్ పొడి నీళ్లలో కరగదు. వెంచురీలో (డ్రిప్ గొట్టంలోకి మందు పీల్చే అమరికలో) పోస్తే ఫిల్టర్ మూసుకుపోతుంది, మిగిలింది డ్రిప్పర్లలో పేరుకుంటుంది. డ్రిప్‌కు ద్రవరూప మందే కొనాలి. పొడే ఉంటే రాత్రి నీళ్లలో కలిపి ఉదయం పై తేట వడగట్టి వాడే అలవాటు ఉంది. అందులో సగం సజీవ కణాలు అడుగున టాల్క్‌తోనే ఉండిపోతాయి. చేత్తో పోయడమే నయం.

నాట్లకు వారమే ఉన్నవాళ్లు ఎరువులో పెంచే మాట మర్చిపోయి నారు ముంచడం, నాటే గుంతలో బాసిల్లస్ పోయడం చేసుకోవచ్చు. వేపపిండి కూడా ఇప్పుడు వద్దు. నాటడానికి 15–20 రోజుల ముందు వేయకపోతే అది కుళ్లే వేడికి, వాయువులకు లేత వేళ్లు దెబ్బతింటాయి.

కుండీ పరీక్షలో బుడిపెలు వంద దాటినవాళ్లకు జీవ మందు కంటే పంట మార్పే ముందు. బంతి వేళ్లలో ఉండే ఆల్ఫా టెర్థైనిల్ నులిపురుగును ఎదగనివ్వదు. అయితే సాళ్ల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి నాటితే చాలదు, చేనంతా రెండు నెలలైనా బంతి ఉండాలి. జూలైలో నాటితే బతుకమ్మ, దసరాకు పూలు చేతికొస్తాయి, యాసంగి టమాటాకు నేల కూడా తేలికపడుతుంది. పచ్చిరొట్టకు జనుము వేయండి. అలసంద, పెసర నులిపురుగుకు ఇష్టమైన ఇళ్లు, వాటితో పచ్చిరొట్ట అంటే పురుగును పోషించడమే. గట్ల మీద కామంచి మొక్కలు ఉండనిస్తే చేసిన పనంతా పోతుంది.

నులిపురుగును తట్టుకునే టమాటా రకాలున్నాయి కదా అంటారు. వాటిలోని ఎమ్ఐ జన్యువు నేల వేడి 28 డిగ్రీలు దాటితే పనిచేయడం మానేస్తుంది. మన దగ్గర చలికాలంలో అక్కరకొస్తుంది, మార్చి తర్వాత నమ్ముకోలేం. ఉస్తికాయ జాతి సొలానమ్ టార్వమ్ వేరుమొక్క మీద అంటుకట్టిన వంగ నారు ఇంతకంటే ఆధారపడదగ్గది, నారు ఖరీదు ఎక్కువ.

రసాయనాల్లో ఫ్లూఓపైరమ్, ఫ్లూఎన్‌సల్ఫోన్ ఉన్న మందులు ఇప్పుడు కొన్ని కూరగాయలకు అనుమతితో దొరుకుతున్నాయి. వీటిలో ఫ్లూఓపైరమ్ శిలీంద్రనాశిని కూడా, కాబట్టి లిలాసినమ్‌తో ఒకే డ్రమ్ములో కలపకండి, రెండు మూడు వారాల ఎడం ఉంచండి. ఫోరేట్ గుళికలు ఎవరైనా ఇంకా అమ్మజూపితే తీసుకోవద్దు, 2020 చివరితో దాని వాడకం నిషేధమైంది.

కొనేటప్పుడు, వాడేటప్పుడు

ప్యాకెట్ మీద సజీవ కణాల సంఖ్య, తయారీ తేదీ, గడువు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. శిలీంద్రాలకు గ్రాముకు కనీసం 20 లక్షలు, బ్యాక్టీరియాకు 10 కోట్లు. సూడోమోనాస్ పొడైతే తయారై మూడు నెలలు దాటింది తీసుకోకపోవడమే మంచిది. షాపువాడు వాటిని ఎక్కడ పెట్టాడో చూడండి. రేకుల షెడ్డులో, కలుపు మందుల డబ్బాల పక్కన పెట్టిన సరుకు గడువులోపే చచ్చి ఉండొచ్చు.

ట్రైకోడెర్మా బతికుందా లేదా అన్నది ఇంట్లోనే ఉజ్జాయింపుగా తెలుసుకోవచ్చు. చల్లారిన అన్నం నాలుగు చెంచాలు వేడినీళ్లతో కడిగిన గాజు గ్లాసులో వేసి, చిటికెడు పొడి చల్లి, కాగితం కట్టి నీడలో ఉంచండి. పక్కనే పొడి వేయని గ్లాసు ఒకటి పెట్టండి. నాలుగైదు రోజులకు పొడి వేసిన గ్లాసు నిండా ముదురు ఆకుపచ్చ బూజు రావాలి, లిలాసినమ్‌కైతే లేత ఊదా. రెండు గ్లాసులూ ఒకేలా ఉంటే ఆ బూజు గాలిలోంచి వచ్చిందే.

కార్బెండజిమ్ మొదళ్లలో పోస్తే ట్రైకోడెర్మా, లిలాసినమ్ రెండూ పోతాయి. కాపర్ ఆక్సీక్లోరైడ్, స్ట్రెప్టోసైక్లిన్, బ్లీచింగ్ పౌడర్ బ్యాక్టీరియాను చంపుతాయి. టమాటాలో బ్యాక్టీరియా ఎండు తెగులుకు కాపర్ పోసి, రెండో రోజున సూడోమోనాస్ పోయడం తరచూ జరిగేదే. కనీసం పది రోజులు ఆగండి. క్లోరిన్ వాసన వచ్చే కుళాయి నీళ్లు ఒకరోజు తొట్టిలో నిలబెట్టాకే వాడాలి. ఎప్పుడు పోసినా సాయంత్రం, నేల తడిగా ఉన్నప్పుడు.

లిలాసినమ్ పొడి కంట్లో పడితే కార్నియాకు ఇన్‌ఫెక్షన్ రాగలదు. మాస్కు, చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకోండి. కాంటాక్టు లెన్సులు వాడేవాళ్లు, రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్లు కలిపే పనికి దూరంగా ఉండాలి.

పనిచేసిందో లేదో తెలియాలంటే ప్రతి పంటలోనూ రెండు సాళ్లు మందు లేకుండా వదలండి. ఆఖరి కోత అయ్యాక మందు వేసినచోట పది, వేయనిచోట పది మొక్కలు తవ్వి, వేళ్లు కడిగి, ఎర్ర రంగులో ముంచి చూడండి. బుడిపెల సంఖ్య దగ్గర దగ్గరగానే ఉన్నా, మందు వేసిన వేళ్ల మీద ఎర్ర చుక్కలు బాగా తగ్గితే లిలాసినమ్ తన పని చేసినట్టే, వచ్చే పంటకూ అదే కొనసాగించండి. చుక్కలు తగ్గి బుడిపెలు మాత్రం చాలా ఎక్కువుంటే తొలి మూడు వారాల పని చాలలేదు, వచ్చేసారి నారు ముంచడానికి, నాటే గుంతకు బ్యాక్టీరియా పెంచాలి. రెండూ తగ్గకపోతే మందు మార్చే ముందు ఎరువు కుప్ప వేడినీ, ప్యాకెట్ తేదీనీ, మధ్యలో పోసిన కార్బెండజిమ్‌నూ ఒకసారి గుర్తు చేసుకోండి.